పిల్లకి వినపడటం లేదంటే "మూడు నెలలాగి రండి" అన్నారు. దీనికి స్పెషలిస్టెందుకు?

సందేహాల_బుట్ట
మా పాపకి నాలుగున్నరేళ్లు. ఈమధ్య పిలిస్తే పలకడం మానేసింది. టీవీ సౌండు పెంచుతుంది, ఇంకా దగ్గరికెళ్లి కూర్చుంటుంది, ఏదడిగినా "ఆఁ?" అంటుంది. ఎదురుగా కూర్చుని చెబితే బుద్ధిగా వింటుంది. వెనకనించి పిలిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. మొండితనం అనుకున్నాను. నిజం చెప్పాలంటే రెండుమూడుసార్లు గట్టిగా కసిరాను కూడా. టీచరు "మీ అమ్మాయి తన లోకంలో తను ఉంటుందండీ" అన్నాక అనుమానం వచ్చి పిల్లల డాక్టరుకి చూపిస్తే ఆయన పిల్లల ఈఎన్‌టీ దగ్గరికి పంపారు.

రెండు గంటలు బయట కూర్చున్నాం. లోపల పది నిమిషాలు. చెవుల్లో లైటు వేసి చూశారు, నోరు తెరవమన్నారు, పక్క గదిలో చెవికి ఏదో మెషీన్ పెట్టి కాగితం తీశారు. కొండలా లేవాల్సిన గీతట, రెండు చెవులకీ అడ్డంగా పడుకుని ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టి ఇంకో టెస్టు చేశారు. "కర్ణభేరి వెనక నీరు చేరిందమ్మా, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం" అన్నారు. అంతే! మందు లేదు, చుక్కలు లేవు, ఒక సిరప్ కూడా రాయలేదు. ఏమీ ఇవ్వకుండా పంపడానికి అంత చదువెందుకు? ఇంటికొచ్చి మా అత్తగారికి ఏం చెప్పాలో తెలియక అదొక టెన్షన్. వేరే డాక్టరుకి చూపించమంటారా?

ముక్కుమీద_కోపం
వెంటనే మార్చేయండి. పిల్లకి వినపడటం లేదని ఆయనే చెప్పి, ఆయనే ఆగమంటే అర్థమేంటి? ఈలోపు చదువు పోతే ఎవరిది బాధ్యత?

బామ్మ_చెప్పింది
ఇంత కంగారెందుకు? నూనె గోరువెచ్చగా చేసి రాత్రి పడుకునేముందు రెండేసి చుక్కలు వేయండి. వారంలో నీరు లాగేస్తుంది. మా ఇంట్లో నలుగురు పిల్లలకీ ఇదే.

చెవిలో_పువ్వు
ఈ నూనె వైద్యం విన్నాక నా హ్యాండిల్ మార్చుకోవాలనిపిస్తోంది.

ముక్కుసూటి_డాక్టర్
నూనె దగ్గర ఆగండి. నీరున్నది కర్ణభేరికి అవతల. మీరు పోసే చుక్క ఇవతలే ఉంటుంది. గోడకి ఇటువైపు తుడిస్తే అటువైపు తడి ఆరదు కదా. పొరలో ఏ చిల్లో ఉండి మనకి తెలియకపోతే మాత్రం నూనె లోపలికెళ్తుంది, అప్పుడు కొత్త కథ మొదలవుతుంది.

నేను పిల్లల ఈఎన్‌టీనే. ఆ డాక్టరు ఎవరో తెలియదు, పాపని చూడలేదు, కాబట్టి మీ పాప గురించి తీర్పు చెప్పను. మూడు నెలల సంగతి సాయంత్రం తీరిగ్గా రాస్తాను. ఇప్పుడు బయట పదహారు మంది ఏడుస్తున్నారు.

సందేహాల_బుట్ట
సారీ బామ్మగారూ, నిన్న రాత్రే మా అత్తగారు వేసేశారు. డాక్టరుగారూ, ఏమైనా అవుతుందా?

ముక్కుసూటి_డాక్టర్
చెవి ఎప్పుడూ కారకపోయి, మొన్న చూసినప్పుడు పొర బాగానే ఉందని చెప్పి ఉంటే ఏమీ కాదు. మళ్లీ వేయొద్దు. చెవి తుడిచే పుల్లలు కూడా వద్దు. గులిమి తనంతట తనే బయటికొస్తుంది. మనం పుల్లతో దాన్ని ఇంకా లోపలికి దంచుతున్నాం.

నిద్రలేని_నాన్న
మా వాడికీ ఇదే. గ్లూ ఇయర్ అన్నారు. వాడికి ఐదేళ్లు అప్పుడు. మాకూ మొదట మూడు నెలలే చెప్పారు, నేనూ ఇలాగే మండిపడ్డాను. తర్వాత చూస్తే రెండు చెవుల్లో అలాగే ఉంది, దానికి తోడు రాత్రిళ్లు గురక. చివరికి గ్రామెట్లు (కర్ణభేరిలో పెట్టే బుల్లి గొట్టాలు) వేసి, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే టాన్సిల్స్‌లాంటి కండ), టాన్సిల్స్ తీశారు. ఆపరేషనయి కారెక్కించగానే చెవులు మూసుకుని "నాన్నా, ఎందుకు అరుస్తున్నావ్?" అన్నాడు. అప్పటిదాకా వాడితో అరిచి మాట్లాడటం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది, మాకే తెలియలేదు.

ముక్కుమీద_కోపం
చూశారా? చివరికి ఆపరేషనే చేశారు. ముందే చేస్తే ఆ మూడు నెలలు కలిసొచ్చేవిగా.

కొండనాలుక
కోపంగారూ, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా? మా చిన్నప్పుడు మా ఇంట్లో ముగ్గురు పిల్లలకి ఒకేరోజు టాన్సిల్స్ తీయించేశారు. పెద్దవాడికి నొప్పి, మిగతా ఇద్దరం తోడు! ఎలాగూ వచ్చాం కదా అని. ఇప్పుడు ఒకాయన ఆగమంటే అనుమానిస్తున్నారు. కోసేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు, ఆగమనేవాళ్లు దొరకరు.

చెవిలో_పువ్వు
ముగ్గురికి ఒకేరోజా? ఒకటి కొంటే రెండు ఉచితం ఆఫరేమో.

బీప్_బీప్
ఆ పక్క గదిలో మెషీన్ పెట్టేది మా జాతే. ఆడియాలజిస్టుని. అడ్డంగా పడుకున్న గీత గురించి చెబుతా.

చెవిలో రబ్బరు బిరడాలాంటిది పెట్టి గాలి ఒత్తిడి కొంచెం పెంచి, తగ్గించి చూస్తాం. కర్ణభేరి ఆరోగ్యంగా ఉంటే డప్పు చర్మంలా కదులుతుంది, కాగితం మీద కొండలా గీత లేస్తుంది. వెనక నీరుంటే కదలదు, గీత పడుకుంటుంది. దాన్నే టైప్ బీ అంటాం. ఇది వినికిడి పరీక్ష కాదు, పొర కదులుతోందా లేదా అనే పరీక్ష. ఎంత వినపడుతోందో హెడ్‌ఫోన్స్‌దే చెబుతుంది.

అందులో మీ పాపకి ఎన్ని డెసిబెల్స్ వచ్చిందో చూడండి. ఎంత చిన్న చప్పుడు వినపడిందో ఆ లెక్క, అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. నాలుగున్నరేళ్లంటే ఆటలా చేయించి ఉంటారు: బీప్ వినపడినప్పుడల్లా ఒక బొమ్మ తీసి డబ్బాలో వేయడం. పిల్లలు మహా గడుసువాళ్లు, బీప్ వినకుండా నా మోచెయ్యి కదలడం చూసి వేసేస్తారు. అందుకే నేను కొన్నిసార్లు ఊరికే మీట నొక్కినట్టు నటిస్తాను. అప్పుడూ వేస్తే దొరికిపోయినట్టే.

సందేహాల_బుట్ట
కుడి 35, ఎడమ 30 అని రాశారు. నిజమే బీప్ గారూ, మా పాప ఆవిడ చెయ్యే చూస్తోంది! ఆవిడ లేచి పాప వెనక్కి వెళ్లి నిలబడ్డారు. ఎందుకో అనుకున్నా.

బీప్_బీప్
అదీ సంగతి. తెలిసినావిడే చేశారు. 30, 35 అంటే చెవుడు అని భయపడకండి. ఎదురుగా మాట్లాడితే అందుతుంది, పక్క గదిలోంచి పిలిస్తే అందదు, క్లాసులో గోల మధ్య టీచరు మాట సగం అందుతుంది. మీరు మొదటి పోస్టులో రాసింది అచ్చంగా అదే.

సందేహాల_బుట్ట
అంటే అది మొండితనం కాదన్నమాట. కసిరినవన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నాయి.

నిద్రలేని_నాన్న
మా ఇంట్లోనూ అదే అపరాధం. వాడికి "చెవిటి మేళం" అని ముద్దుపేరు కూడా పెట్టాం.

ముక్కుసూటి_డాక్టర్
వచ్చాను. ఆఖరి పిల్లవాడు నా టార్చి పట్టుకుని ఇవ్వనన్నాడు, అందుకే ఆలస్యం.

మధ్య చెవికీ ముక్కు వెనక భాగానికీ మధ్య సన్నటి గొట్టం ఉంటుంది, యూస్టేషియన్ ట్యూబ్ అంటాం. గుటక వేసినప్పుడు తెరుచుకుని చెవిలోకి గాలి పంపుతుంది. పెద్దవాళ్లలో ఏటవాలుగా ఉంటుంది. పిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. పైగా దాని మూతి పక్కనే అడినాయిడ్స్. జలుబు చేస్తే గొట్టం మూసుకుంటుంది, లోపలి గాలిని చెవి పొరలు పీల్చేసుకుంటాయి, ఆ ఖాళీలోకి నీరు ఊరుతుంది. కొన్నాళ్లకి అది చిక్కబడి జిగురవుతుంది. గ్లూ ఇయర్ అనే పేరు అందుకే. చూస్తే పొర తన ముత్యపు మెరుపు పోయి పాత గాజులా పసుపుగా, మందంగా ఉంటుంది. ఒక్కోసారి వెనక బుడగలు కూడా కనపడతాయి.

ఇక మందు. యాంటీబయాటిక్, జలుబు సిరప్, స్టెరాయిడ్, ముక్కులో చుక్కలు, ఇవన్నీ దశాబ్దాలుగా వాడి చూసిన తర్వాతే దీనికి పనికిరావని తేల్చారు. మందు రాయడం నాకు అర నిమిషం పని. రాయకుండా తల్లిదండ్రులకి నచ్చజెప్పడానికే పావుగంట పడుతుంది. ఆయన ఆ పావుగంట మీకివ్వలేదు, ఆ తప్పు ఒప్పుకోవాల్సిందే. నిర్ణయం మాత్రం తప్పు కాదు. దాదాపు సగం మంది పిల్లల్లో మూడు నెలల్లో నీరు దానంతట అదే పోతుంది. పోయేదానికి మత్తుమందిచ్చి చెవికి గాటు పెట్టడమెందుకు?

ఆగకూడని పిల్లలు వేరే ఉన్నారు. అంగిలి చీలిక ఉన్నవాళ్లు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు, ముందునుంచే వినికిడి లోపం ఉన్నవాళ్లు, మాట ఆలస్యమైనవాళ్లు. వాళ్ల విషయంలో క్యాలెండరు చూడం.

ముక్కుమీద_కోపం
డాక్టరుగారూ, ఒక ప్రశ్న. ఆవిడ "ఈమధ్య" అన్నారు గానీ పాపకి ఎప్పటినించి వినపడటం లేదో? రెండు మూడు నెలలు ముందే అయిపోయి ఉండొచ్చుగా. అప్పుడు ఇంకో మూడెందుకు?

ముక్కుసూటి_డాక్టర్
మంచి ప్రశ్న, కోపంగా అడిగినా. ఫలానా రోజు మొదలైందని కచ్చితంగా తెలిస్తే అక్కణ్నుంచే లెక్కపెడతాం. తెలియకపోతే పరీక్షలో బయటపడ్డ రోజునుంచి. పిల్లలకి మధ్యలో తగ్గి మళ్లీ జలుబుతో వస్తుంటుంది, "అప్పటినుంచీ ఉంది" అనే మాట మీద ఆపరేషన్ పెట్టుకోలేం.

సందేహాల_బుట్ట
ఈలోపు మేం ఏమీ చేయక్కర్లేదా? ఊరికే కూర్చోవాలా?

బీప్_బీప్
చాలా చేయాలి. దగ్గరికెళ్లి, ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా మాట్లాడండి. మాట మొదలుపెట్టేముందు టీవీ ఆపండి. క్లాసులో ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరుకి చెప్పండి, కాగితం కూడా చూపించండి. ఇంట్లో ఎవరూ పొగ తాగకూడదు, పొగ ఉన్న ఇళ్లలో పిల్లలకి ఈ చెవి బాధ ఎక్కువ. ముక్కుతో ఊదే బెలూన్ ఒకటుంటుంది, ఒక ముక్కు రంధ్రం మూసి రెండోదాంతో ఊదాలి. ఈ వయసు పిల్లలు నేర్చుకోగలరు, మీ డాక్టరునడిగి వాడండి. మా దగ్గర పిల్లలు పోటీలు పెట్టుకుంటారు.

చెవిలో_పువ్వు
ముక్కుతో బెలూన్ ఊదడం నేను ఇప్పుడే ప్రయత్నించాను. నాకు 38 ఏళ్లు. రాలేదు.

పాత_పుస్తకాలు
నాకు వైద్యం తెలియదు గానీ దీని చరిత్ర పిచ్చి. అడినాయిడ్స్ మూలంగా పిల్లలకి వినపడటం తగ్గుతుందని మొదట వివరంగా చెప్పినాయన విల్హెల్మ్ మేయర్, కోపెన్‌హాగెన్ డాక్టరు, 1868లో. అప్పట్లో ముక్కు వెనకకి చూసే సాధనాలు అంతంతమాత్రం. ఆయన రోగి నోట్లోంచి వేలు పైకి పోనిచ్చి తడిమి కనుక్కునేవాడు. గ్రామెట్ ఇప్పుడున్న రూపంలో వాడుకలోకి వచ్చింది 1954లో, ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికన్ డాక్టరుతో.

చెవిలో_పువ్వు
చంద్రుడి మీదకి వెళ్లినాయనేనా? చెవిలో గొట్టం, చంద్రుడి మీద అడుగు, ఒకే జన్మలో.

పాత_పుస్తకాలు
ఆయన వేరు, ఈయన వేరు. మీకు తెలుసని నాకు తెలుసు.

కొండనాలుక
నిద్రలేని నాన్నగారూ, టాన్సిల్స్ ఎందుకు తీయించారు మరి? గొంతునొప్పి వస్తుండేదా?

నిద్రలేని_నాన్న
గొంతునొప్పి పెద్దగా లేదు, నిద్ర కోసం. మా వాడు గురకపెట్టి పెట్టి సడన్‌గా ఆగిపోయేవాడు. గది నిశ్శబ్దం. నేను మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుంటూ పొట్ట కదులుతోందా అని చూసేవాణ్ని. పది, పన్నెండు దాకా వెళ్లేది. తర్వాత ఒక్కసారిగా ఎగశ్వాసతో ఉలిక్కిపడి పక్కకి దొర్లేవాడు. మెడ వెనక్కి విరిచి, నోరు తెరిచి, దిండు చెమటతో తడిసిపోయేది. పక్క తడపడం మానేసినవాడు మళ్లీ మొదలుపెట్టాడు. పగలు చూస్తే స్థిమితం లేదు, ఎగుడుదిగుడు. బాగా అల్లరివాడనుకున్నాం, నిద్ర చాలక అలా ఉన్నాడని ఎవరనుకుంటారు?

నా హ్యాండిల్ అప్పుడు పెట్టుకున్నదే. ఫోన్లో రికార్డు చేసి తీసుకెళ్లాను. డాక్టరు గొంతులోకి చూసింది అర నిమిషం, ఆ వీడియో చూసింది మూడుసార్లు. చొక్కా లేకుండా పడుకోబెట్టి, ఛాతీ కనపడేలా తీయడం మంచిదైంది అన్నారు, ఎందుకంటే ఊపిరి కోసం పక్కటెముకల మధ్య లోపలికి లాగడం కనపడింది.

కొండనాలుక
ఈ కోణం నాకు తెలియదు. మా ముగ్గురిలో గురకపెట్టింది మా నాన్న. ఆయనకి మాత్రం తీయించలేదు.

ముక్కుసూటి_డాక్టర్
గొంతునొప్పి కోసం తీయడానికి మేం చూసే లెక్క ఒకటుంది: ఒక్క ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరసగా రెండేళ్లు ఏడాదికి ఐదేసిసార్లు, లేదా మూడేళ్లు మూడేసిసార్లు. అవీ జ్వరం, చీము, మెడలో గడ్డలు వంటివి ఉన్న నిఖార్సైన ఇన్ఫెక్షన్లు. అంతకన్నా తక్కువైతే ఆగడమే మేలు, చాలామందికి వయసుతో తగ్గిపోతాయి. టాన్సిల్స్ పెద్దవిగా కనపడటం ఒక్కటే కారణం కాదు. పిల్లల్లో అవి పెద్దవిగానే ఉంటాయి.

నిద్రలో ఊపిరి ఆగడానికి ఈ లెక్క వర్తించదు. అక్కడ కూడా అందరికీ కత్తే అని కాదు. 2013లో అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలు 464 మంది మీద పరిశోధన చేశారు. ఆపరేషన్ చేసినవాళ్లలో 79 శాతానికి, ఊరికే గమనించినవాళ్లలో 46 శాతానికి ఏడు నెలల్లో నిద్ర పరీక్ష మామూలైంది. ఈ రెండు అంకెలూ కలిపి చదవాలి. ఆపరేషన్ మెరుగే, కానీ ఆగినవాళ్లలో కూడా దాదాపు సగం మంది బాగుపడ్డారు. అందుకే ఎవరికి తీవ్రంగా ఉంది, ఎవరు ఆగగలరు అని ఒక్కొక్కరినీ చూసి చెప్పాలి.

ముక్కుమీద_కోపం
ఏ ప్రశ్నకైనా మీ డాక్టర్లు "చూసి చెప్పాలి" అంటారు.

ముక్కుసూటి_డాక్టర్
చూడకుండా చెప్పేవాళ్లు దొరికితే అక్కడికే వెళ్లండి.

చెవిలో_పువ్వు
ముక్కుమీద కోపానికీ ముక్కుసూటికీ మధ్య ముక్కు నలిగిపోతోంది. ఎవరైనా దూది తీసుకురండి.

నిద్రలేని_నాన్న
ఆపరేషన్ తర్వాత సంగతి కూడా రాస్తా, మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మొదటి రెండు రోజులు హుషారుగా ఉన్నాడు, ఇంతేనా అనుకున్నాం. నాలుగో రోజు నుంచి అసలు నొప్పి మొదలు. గుటక పడదు, చెవి పట్టుకుని ఏడుపు. చెవిలో ఏదో అయిందనుకుని పరిగెత్తితే, గొంతుకీ చెవికీ ఒకే నరం సంబంధం, అది గొంతు నొప్పే అన్నారు. గొంతులో తెల్లగా, పసుపుగా పొరలు కట్టి చెడ్డ వాసన. అదీ చీము కాదట, మానుతున్న పుండు మీద పొరట.

ఏడో రోజు తెల్లవారుజామున దిండు మీద రెండు వేళ్లంత ఎర్ర మచ్చ కనపడింది. ఉమ్మితే ఎర్రగా వచ్చింది. బట్టలు కూడా మార్చుకోకుండా ఆసుపత్రికి వెళ్లాం. దానంతట అదే ఆగింది, అయినా ఒక రాత్రి ఉంచారు. రక్తం కొంచెమే కదా అని ఇంట్లో కూర్చోకండి, ఐదో రోజు నుంచి పదో రోజు దాకా కళ్లలో ఒత్తులేసుకుని చూడాల్సిందే.

ముక్కుసూటి_డాక్టర్
ఈ పోస్టుని మా వార్డు గోడకి అంటించాలనిపిస్తోంది. ఒకటి కలుపుతా: ఇంట్లో మిగిలిన దగ్గు సిరప్ నొప్పికని పోయకండి. కోడీన్ ఉన్న మందులు కొందరు పిల్లల ఒంట్లో చాలా వేగంగా మార్ఫీన్‌గా మారి ఊపిరి ఆపేస్తాయి. 12 ఏళ్లలోపు పిల్లలకి అది వాడకూడదని అమెరికా ఔషధ సంస్థ 2017లో తేల్చి చెప్పింది. రాసిచ్చిన నొప్పి మందు మాత్రం టైము ప్రకారం వేయండి, నొప్పి వచ్చాక కాదు.

పూసల_పెట్టె
చెవి, గొంతు అయ్యాయి, ముక్కు మిగిలింది. మా అమ్మాయికి మూడేళ్లప్పుడు ముక్కు కారడం. మూడు వారాలు. రెండుసార్లు జలుబు మందులు మింగించాం. కానీ కారేది ఎడమ పక్కే, పైగా కంపు. దగ్గరికి తీసుకోలేనంత. పిల్లల ఈఎన్‌టీ గదిలోకి అడుగుపెట్టగానే ఆవిడ ముక్కులో చూడకుండానే "ఏం పెట్టుకున్నావురా బంగారూ?" అన్నారు. ఒకే పక్క ముక్కు కారుతూ కంపు కొడితే ఏదో ఇరుక్కుందనే అనుకోవాలట, కాదని తేలేదాకా.

మా ఆయన ఒళ్లో కూర్చోబెట్టుకుని, పిల్ల కాళ్లు తన మోకాళ్ల మధ్య బిగించి, ఒక చెయ్యి చేతుల మీదుగా, ఒక చెయ్యి నుదుటి మీద పెట్టాలి. ఆవిడ ముందు మా అమ్మాయి బొమ్మ ముక్కులోకి లైటు వేసి చూశారు. "దీనికేం లేదు, మరి నీకో?" అన్నారు. తర్వాత కొన వంచిన సన్నటి కడ్డీ ఒకటి తీసి, పైనించి వెనక్కి పోనిచ్చి, కిందకి తిప్పి ముందుకి లాగారు. టక్ అని ట్రేలో పడింది. నా దండలోని ఆకుపచ్చ పూస. నెల రోజులుగా మంచం కింద వెతుకుతున్నాను దానికోసం.

చెవిలో_పువ్వు
దండ పూర్తయిందా మరి?

పూసల_పెట్టె
కడిగి దాచాను. పెళ్లిలో చూపిస్తాను.

బామ్మ_చెప్పింది
ఇంట్లో చిమటా పెట్టి లాగేస్తే పోయేదానికి డాక్టరెందుకు? మా పెద్దవాడికి నేనే తీశాను.

ముక్కుసూటి_డాక్టర్
బామ్మగారూ, మీకు అదృష్టం కలిసొచ్చింది. గుండ్రటి, నున్నటి వస్తువుని చిమటాతో పట్టుకోబోతే జారి ఇంకా లోపలికి పోతుంది. ముక్కులోంచి గొంతులోకి, అక్కణ్నుంచి శ్వాసనాళంలోకి పోతే ఆట మారిపోతుంది. అందుకే వెనకనుంచి ముందుకి లాగే కడ్డీ. పూసల పెట్టెగారు చూసింది అదే.

తల్లే చేయగలిగిన ఉపాయం ఒకటుంది. పిల్లవాడి నోటికి నోరు ఆనించి, ఖాళీగా ఉన్న ముక్కు రంధ్రం వేలితో మూసి, ఒక్కసారి ఫూ అని ఊదడం. ఇరుక్కున్నది ముందుకి ఎగిరొస్తుంది. తల్లి ముద్దు అనే పేరుంది దానికి. ఎలా చేయాలో చూపించి నేనూ మా గదిలో అమ్మల చేతే చేయిస్తాను. ఒకసారి బటాణీ గింజ వచ్చి నా కళ్లజోడుకి తగిలింది.

బటన్ బ్యాటరీ విషయంలో మాత్రం జోకుల్లేవు. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే ఆ గుండ్రటి బిళ్ల ముక్కులో, చెవిలో, అన్నవాహికలో ఎక్కడ తడి తగిలినా కరెంటు పుట్టి కణజాలాన్ని కాల్చేస్తుంది. అన్నవాహికలో రెండు గంటలు చాలు. ముక్కులోగానీ చెవిలోగానీ ఉంటే చుక్కలు వేయొద్దు, తడి పెరిగితే కాలడం పెరుగుతుంది. మింగితే వాంతి చేయించొద్దు. ఏడాది దాటిన పిల్లలైతే ఆసుపత్రికి వెళ్లే దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వొచ్చు, అది కాలడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది. కానీ తేనె వెతుకుతూ బయల్దేరడం ఆలస్యం చేయొద్దు. ఏది మింగాడో తెలియని గుండ్రటి బిళ్లని నాణెం అనుకుని రాత్రంతా ఆగినవాళ్లని చూశాను. అందుకే చెబుతున్నా.

పాత_పుస్తకాలు
షెవాలియర్ జాక్సన్ అని ఒక డాక్టరు ఉండేవాడు, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో. పిల్లల గొంతుల్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి తీసిన పిన్నులు, గుండీలు, గింజలు రెండు వేలకి పైగా భద్రపరిచాడు. అక్కడి మ్యూటర్ మ్యూజియంలో సొరుగులు సొరుగులుగా ఉన్నాయి. బట్టలుతికే క్షారం తాగి అన్నవాహిక కాలిన పిల్లల్ని చూసి చూసి, సీసాల మీద విషమని రాయాలని ఏళ్ల తరబడి పోరాడితే 1927లో అక్కడ చట్టం వచ్చింది.

గురగుర_పాపాయి
ఇంతమంది ఉన్నారు కాబట్టి నాదీ రాస్తా. మా బాబు పుట్టిన రెండో వారం నుంచి ఊపిరి తీసుకుంటే కీచుమని చప్పుడు. వెల్లకిలా పడుకోబెడితే ఎక్కువ, బోర్లా భుజం మీద వేసుకుంటే తక్కువ. పాలు తాగేటప్పుడు ఆగి ఆగి తాగేవాడు. అందరూ కఫం అన్నారు. చూసిన ఈఎన్‌టీ డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న ఒకటే: "చప్పుడు లోపలికి పీల్చినప్పుడా, బయటికి వదిలినప్పుడా?" నాకు తెలియలేదు. అక్కడే పొట్ట మీద చెయ్యి వేసి చూడమన్నారు. పీల్చినప్పుడే.

ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉండగానే, మత్తు లేకుండా, నూడుల్ అంత సన్నటి గొట్టం ముక్కులోంచి వేశారు. తెరమీద చూపించారు. స్వరపేటిక పైన ఉండే మూత ముడుచుకున్న ఆకులా ఉంది, బాబు ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలికి ఒరిగిపోతోంది. లారింజోమలేషియా అట. దానికీ మందు లేదు! రెండు వారాలకోసారి బరువు తూచమన్నారు, పాలు పట్టాక నిలబెట్టి ఎత్తుకోమన్నారు. నీలంగా మారినా, పక్కటెముకలు బాగా లోపలికి పోతున్నా, బరువు పెరగకపోయినా వెంటనే రమ్మన్నారు. పద్నాలుగో నెలకి చప్పుడు మాయం. ఇప్పుడు వాడి అరుపులే తట్టుకోలేకపోతున్నాం.

సందేహాల_బుట్ట
అయితే వీళ్లందరూ చూసి, ఆగమని పంపేవాళ్లేనన్నమాట. కోపం కొంచెం తగ్గింది. టెన్షన్ తగ్గలేదు.

ముక్కుమీద_కోపం
నాది తగ్గలేదు. ఆగమనేటప్పుడు ఎందుకో చెప్పాలి కదా. డాక్టరుగారు కూడా ఒప్పుకున్నారు పైన.

ముక్కుసూటి_డాక్టర్
ఒప్పుకున్నాను. ఈసారి వెళ్లినప్పుడు కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి: వినికిడి ఎంత, ఏ తేదీకి మళ్లీ పరీక్ష, అప్పటికీ ఉంటే ఏం చేస్తారు. అడిగితే చెప్పని డాక్టరైతే అప్పుడు కోపంగారి మాట వినండి.

సందేహాల_బుట్ట
మూడు నెలల తర్వాత వచ్చాను, ఎవరైనా ఉన్నారా? నిన్న వెళ్లాం. ఎడమ చెవి గీత కొండలా లేచింది! కుడిది ఇంకా పడుకునే ఉంది, కానీ పూర్తిగా కాదు, చిన్న దిబ్బలా ఉంది. ఎడమ 15, కుడి 25. మూడు ప్రశ్నలూ అడిగాను. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని బొమ్మ గీసి చెప్పారు, చివర్లో "పోయినసారే చెప్పాల్సింది, ఆ రోజు బాగా రద్దీ" అన్నారు. కుడి చెవికి ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు, అప్పటికీ తగ్గకపోతే గ్రామెట్ గురించి మాట్లాడదామన్నారు. ఈసారి మా అత్తగారే "ఆగుదాం" అన్నారు.

బీప్_బీప్
15 అంటే మామూలే. ముందు బెంచీ మాత్రం ఇప్పుడే మార్చకండి. బెలూన్ ఊదుతోందా?

సందేహాల_బుట్ట
ఊదుతోంది, వాళ్ల తాతయ్యకి నేర్పుతోంది. ఆయనకి రావడం లేదు. ఇంకోటి, మొన్న రాత్రి లైటు తీశాక పాప అంది, "అమ్మా, ఫ్యాన్ ఎందుకు కిరకిరమంటోంది?" అని. ఆ ఫ్యాన్ ఏడాది నుంచీ అలాగే అంటోంది.

చెవిలో_పువ్వు
బామ్మగారి నూనె ఉంది కదా. ఫ్యాన్‌కి రెండు చుక్కలు వేయండి.